పడవలో పొయ్యి: గ్యాసా, స్పిరిటా?

ప్రశ్న: మేము సియాటిల్‌లో ఉంటాం. నేను, మా వారు, తొమ్మిదేళ్ళ పాప. రెండేళ్ళు తెరచాప పడవ నడపడం నేర్చుకుని, ఈ ఫిబ్రవరిలో 1978 నాటి 27 అడుగుల పాత పడవ కొన్నాం. లోపల మెట్ల పక్కనే చిన్న వంటగట్టు, దాని మీద రెండు బర్నర్ల ఆల్కహాల్ (స్పిరిట్) స్టౌ ఉన్నాయి. పంపు కొట్టి వెలిగించే రకం. పాత యజమాని పదేళ్ళుగా దాన్ని ముట్టుకోలేదట. జులైలో పది రోజులు శాన్ వాన్ దీవుల్లో తిరగాలని అనుకుంటున్నాం. అప్పటికి మా అత్తగారు రాజమండ్రి నుంచి వస్తారు. ఆవిడకు రెండు పూటలా అన్నం ఉండాలి. రేవులో అడిగితే ఒకరు గ్యాస్ పెట్టించమంటారు, ఒకరు ఇండక్షన్ అంటారు. మా వారు మాత్రం ఇంట్లో ఉన్న క్యాంపింగ్ స్టౌ, పచ్చ రంగు చిన్న సిలిండర్లు పట్టుకెళ్తే చాలంటారు. ఏది మంచిది? ఊగే పడవలో అన్నం, పప్పు వండడం కుదురుతుందా? దోసెలు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీ వారికి నా మాటగా ఒక్కటి చెప్పండి. ఆ పచ్చ సిలిండరు పడవ లోపలికి రాకూడదు. మిగతా విషయాల్లో మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు, దీని మీద మాత్రం వద్దు.

ఇంట్లో గ్యాస్ లీకయితే ఏం చేయాలో మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. తలుపులు, కిటికీలు తెరుస్తాం. గాలి కంటే బరువైన ఆ గ్యాస్ నేల మీదుగా పాకి గడప దాటి పోతుంది. పడవకు గడప లేదు. నీళ్ళు లోపలికి రాకుండా చేసిన పెద్ద గిన్నె అది. నీటిని బయట ఆపే గోడలే గ్యాస్‌ను లోపల ఆపేస్తాయి. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకయినది మెల్లగా పలకల సందుల్లోంచి దిగి, పడవ అట్టడుగున మురికినీరు చేరే బిల్జిలో మడుగు కడుతుంది. వాసన కోసం కలిపిన మందు కూడా దానితోనే కిందికి పోతుంది, పైన బల్ల దగ్గర కూర్చున్న మన ముక్కుకు అది ఆలస్యంగా తగులుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. గాలిలో ప్రొపేన్ సుమారు 2.1 శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. మీ పడవ పలకల కింద ఖాళీ రెండు ఘనపు మీటర్లు అనుకుంటే, దాన్ని ఆ స్థితికి తేవడానికి 80 గ్రాముల లోపు గ్యాస్ చాలు. పచ్చ సిలిండరులో ఉండేది 465 గ్రాములు. అంటే ఆరో వంతు కారితే సరిపోతుంది. ఇక నిప్పురవ్వ కోసం ఎవరూ అగ్గిపుల్ల గీయనక్కరలేదు. బిల్జిలో నీళ్ళు తోడే పంపు దానంతట అదే ఆన్ అవుతుంది. ఇంజను స్టార్టరూ అక్కడే ఉంటుంది. వాడి విప్పేసిన పచ్చ సిలిండరు ఖాళీ అయిందనుకుని సొరుగులో పెడతారు. దాని మూతి వాల్వు సరిగా మూసుకోక సన్నగా కారుతూ ఉండడం మామూలే. అందుకే అవి ఉంటే పడవ బయట, గాలి ఆడే చోట ఉండాలి.

ఇది మన వాళ్ళకు తెలియని సంగతి కాదు. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్లో పదుల కొద్దీ మరబోట్లు తగలబడిన రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. నిప్పు వేరే కారణంతో మొదలైనా, పక్కపక్కనే కట్టిన బోట్లలో వంట కోసం ఉంచిన సిలిండర్లు పేలి మంటను పెంచాయని అప్పట్లో పత్రికలు రాశాయి.

అయితే గ్యాస్ చెడ్డదా? కాదు. సరిగా అమర్చిన గ్యాస్ పొయ్యిని మించిన సుఖం పడవలో లేదు. తిప్పగానే వెలుగుతుంది, మంట బలంగా ఉంటుంది, మసి పట్టదు. కాని అమర్చడమంటే పొయ్యి కొని గొట్టం తగిలించడం కాదు. సిలిండరుకు విడిగా పెట్టె ఉండాలి. అది పడవ లోపలి భాగంతో ఏ సందూ కలవకుండా, పైనుంచి మాత్రమే తెరుచుకోవాలి. పెట్టె అడుగు నుంచి ఒక గొట్టం నేరుగా సముద్రం మీదికి తెరుచుకోవాలి, లీకయిన గ్యాస్ అటే జారిపోవాలి. రెగ్యులేటర్, ఒత్తిడి చూపే గేజి, వంటగట్టు దగ్గర నుంచే సిలిండరును మూయగల సోలెనాయిడ్ వాల్వు, సిలిండరు నుంచి పొయ్యి దాకా మధ్యలో అతుకు లేని గొట్టం, బిల్జిలో గ్యాస్ పసిగట్టే అలారం కూడా కావాలి. 1978 నాటి 27 అడుగుల పడవలో ఆ పెట్టెకే చోటు దొరకడం కష్టం. అనుభవం ఉన్న పనివాడితో ఇవన్నీ చేయిస్తే, పాత పడవ ధరలో గణనీయమైన భాగం దానికే పోతుంది. ఏడాదిలో ఆరు నెలలు పడవలోనే గడిపేవారికి ఆ ఖర్చు న్యాయం. శనాదివారాలకూ, వేసవిలో పది రోజులకూ నేను పెట్టించమనను.

ఇండక్షన్ విషయం తొందరగా చెప్పేస్తాను. నలుగురికి రెండు పూటలా అన్నం, పప్పు, కాఫీలు వండితే రోజుకు ఒక యూనిట్ కరెంటు ఖర్చు అనుకోండి. మీ పడవలో 100 ఆంపియర్-అవర్ మామూలు బ్యాటరీ ఉంటే, అది పాడవకుండా వాడుకోగలిగేది అందులో సగం, అంటే అర యూనిట్ పైచిలుకు. దీపాలు, రేడియో కూడా దాని మీదే నడవాలి. లిథియం బ్యాటరీలు, ఇన్వర్టర్, సోలార్ పలకలు పెట్టిననాడు ఆలోచించండి. కాని ఒక ఉపాయం ఉంది. ఫ్రైడే హార్బర్ లాంటి రేవుల్లో పడవ కట్టుకుంటే గట్టు మీది నుంచి కరెంటు ఇస్తారు. పడవలో ఆ కరెంటు తీసుకునే తీగ, ప్లగ్గులు బాగుంటే, ఇంట్లోని చిన్న రైస్ కుక్కర్ వెంట తీసుకెళ్ళండి. ఆ రాత్రులు పొయ్యి వెలిగించే పనే లేదు.

ఇప్పుడు మీ పాత పంపు స్టౌ. మీ అత్తగారి తరంలో చాలామంది ఇళ్ళలో కిరసనాయిలు పంపు స్టౌ ఉండేది. స్వీడన్‌లో 1892లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన చేసిన ప్రైమస్ స్టౌ దానికి మూలపురుషుడు. ముందు గిన్నెలో స్పిరిట్ పోసి మండించి బర్నరు వేడెక్కించాలి, తర్వాత పంపు కొట్టాలి, మూసుకుపోతే పిన్నుతో పొడవాలి. మీ పడవలోనిది కూడా ఆ పద్ధతిదే, ఇంధనం మాత్రం ఆల్కహాల్. ఇబ్బంది అక్కడే ఉంది. బర్నరు చాలినంత వేడెక్కకుండా వాల్వు తిప్పితే, ఆవిరికి బదులు ద్రవమే బయటికి చిమ్ముతుంది. చిమ్మినది మండుతుంది. ఆల్కహాల్ మంట పగటి వెలుతురులో కంటికి దాదాపు కనిపించదు.

నా మొదటి పడవలోనూ ఇలాంటి స్టౌ ఉండేది. ఒక ఆదివారం ఉదయం లంగరు వేసిన చోట కాఫీకి దాన్ని వెలిగించాను. పైన తలుపు తెరిచి ఉంది, ఎండ నేరుగా పొయ్యి మీద పడుతోంది. మంట రాలేదనుకుని వాల్వు ఇంకాస్త తిప్పాను. మొదట నాకు కనిపించింది మంట కాదు, కిటికీ తెర అంచు గోధుమ రంగుకు తిరగడం. అప్పటికే గట్టు అంతా మండుతోంది. పక్కన బకెట్ నిండా నీళ్ళు ఉన్నాయి కాబట్టి ఒక్కసారిగా కుమ్మరించాను, ఆరిపోయింది. ఆల్కహాల్ నీళ్ళలో కలిసిపోతుంది, అది దాని మంచి గుణం. కాని చెంబెడు చల్లితే చాలదు. సగం నీళ్ళు కలిసిన స్పిరిట్ కూడా మండుతుంది, పైగా పారిన మేరకల్లా మంటను మోసుకుపోతుంది. మీ స్టౌ పదేళ్ళుగా వాడనిదంటున్నారు. దాని వాషర్లు ఎండిపోయి ఉంటాయి. ఎవరైనా బాగుచేసి ఇస్తామన్నా వద్దు. ట్యాంకు ఖాళీ చేయించి తీసేయండి.

మీకు నేను చెప్పేది పంపు లేని స్పిరిట్ స్టౌ. దీన్ని స్వీడన్ వాళ్ళ ఒరిగో స్టౌ ప్రసిద్ధం చేసింది. లోపల ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది, దాని నిండా దూది లాంటి పీచు. స్పిరిట్ పోస్తే ఆ పీచు పీల్చుకుని పట్టి ఉంచుతుంది, డబ్బా ఒరిగినా ఒలకదు. ఆవిరి పైకి లేస్తుంది, దాన్ని వెలిగిస్తారు. మీటను తిప్పితే ఒక మూత మంట మీదికి జరిగి తగ్గిస్తుంది, పూర్తిగా జరిపితే ఆర్పుతుంది. ఒత్తిడి లేదు, నాజిల్ లేదు, చిమ్మడానికి ఏమీ లేదు. ఒరిగో తయారీ ఇప్పుడు ఆగిపోయింది. పాతవి చేతులు మారుతూ దొరుకుతాయి, అదే పద్ధతిలో పనిచేసే కొత్తవి వేరే తయారీదారులు అమ్ముతున్నారు. పాతది కొంటే డబ్బాలు తుప్పు పట్టలేదా, పీచు గట్టిగా కూరి ఉందా అని చూడండి. రెండు బర్నర్లది తీసుకోండి. మీ పాత స్టౌ ఉన్న గుంటలోనే పట్టే అవకాశం ఎక్కువ, కొలతలు చూసుకోండి.

దీని లోపాలూ దాచకుండా చెబుతాను. స్పిరిట్‌లో వేడి తక్కువ. కిలో గ్యాస్ సుమారు 46 మెగాజౌళ్ళ వేడి ఇస్తే, కిలో స్పిరిట్ ఇచ్చేది 27 మాత్రమే. ఇంట్లో ఆరు నిమిషాల్లో వచ్చే కుక్కర్ మొదటి విజిల్‌కు ఇక్కడ పన్నెండు, పదిహేను నిమిషాలు పడుతుంది. మెథనాల్ ఎక్కువగా కలిపిన రకమైతే ఇంకా ఆలస్యం, దాని పొగ కూడా మంచిది కాదు. డబ్బా మీద చదివి ఇథనాల్ ఎక్కువ ఉన్నదే కొనండి. ఖర్చు లెక్క చూద్దాం. లీటరు నీళ్ళు మరిగించడానికి, సగం వేడి వృథా పోయిందనుకున్నా, దాదాపు 30 మి.లీ. స్పిరిట్ సరిపోతుంది. నలుగురికి రెండు పూటలా వంట, కాఫీలతో రోజుకు 300 మి.లీ. అనుకుంటే పది రోజులకు మూడు లీటర్లు. ఒక గ్యాలన్ డబ్బా కొంటే ఇంకా మిగులుతుంది.

నింపేటప్పుడు రెండు నియమాలు తప్పకుండా పాటించండి. డబ్బా పూర్తిగా చల్లారితే తప్ప మళ్ళీ పోయకూడదు. పోసేది లోపల కాదు, పైన కాక్‌పిట్‌లో, అంటే చుక్కాని దగ్గర కూర్చునే ఆరుబయటి చోట. వేడి డబ్బాలో స్పిరిట్ పోస్తే ఆవిరి లేచి, ఆరిందనుకున్న మంట సీసా దాకా వస్తుంది. వాడనప్పుడు డబ్బా మూతి మీద రబ్బరు బిళ్ళ పెట్టి మూయండి, లేకపోతే స్పిరిట్ ఆవిరై గదిలో నిండుతుంది.

పొయ్యి వెలిగినంతసేపూ పైతలుపు, ముందువైపు కిటికీ కాస్త తెరిచి ఉంచండి. జులైలో కూడా ఇక్కడ రాత్రులు చల్లగా ఉంటాయి, పాపకు చలేస్తోందని పొయ్యి వెలిగించి తలుపు మూయాలనిపిస్తుంది. ఎప్పుడూ ఆ పని చేయకండి. ఏ మంటకైనా గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడవలకు పనికివచ్చే అలారం పడుకునే చోట ఒకటి పెట్టండి. గాలి ఆడితే ఇంకో లాభం కూడా ఉంది. రోజుకు 300 మి.లీ. స్పిరిట్ మండితే గ్లాసుకు పైగా నీరు ఆవిరిగా పుడుతుంది. తలుపులు మూస్తే ఆ తేమ అంతా రాత్రికి పరుపుల మీద చినుకులుగా రాలుతుంది.

మీరు రాసిన ఒక మాట నన్ను కలవరపెట్టింది. పొయ్యి మెట్ల పక్కనే ఉందన్నారు. అంటే అక్కడ మంట లేస్తే లోపల ఉన్నవాళ్ళకు బయటి దారి మూసుకుపోతుంది. పడవ ముందు భాగంలో పైకి తెరుచుకునే తలుపు ఉంటుంది. అది పాత పడవల్లో బిగుసుకుపోయి ఉండడం మామూలే. మొదట దాన్ని బాగుచేయించండి. తర్వాత మీ పాప చేత, అత్తగారి చేత దాన్ని తెరిపించి చూడండి. అత్తగారు దాంట్లోంచి ఎక్కలేరనుకుంటే, వంట జరిగేంతసేపు ఆవిడ కాక్‌పిట్‌లోనే కూర్చోవాలి. పొయ్యి మీదుగా చేయి చాచకుండా అందే చోట ఫైర్ బ్లాంకెట్ తగిలించండి. 26 అడుగులు దాటి 40 లోపు ఉన్న పడవకు, స్థిరమైన ఆర్పే వ్యవస్థ లేకపోతే, కనీసం రెండు చిన్న మంటలార్పే సిలిండర్లు, లేదా వాటికి బదులు ఒక పెద్దది ఉండాలని అమెరికా తీర రక్షక దళం నియమం. ఒకసారి వాడి పారేసే రకమైతే తయారైన పన్నెండేళ్ళకు చెల్లదు. మీకు పడవతో వచ్చినవాటి అడుగున తేదీ చూడండి. ఒకటి కాక్‌పిట్ పెట్టెలో, ఒకటి పడుకునే చోట పెట్టండి.

ఇక వంట. సముద్రాలు దాటే పడవల్లో పొయ్యి రెండు కీళ్ళ మీద ఊయలలా వేలాడుతుంది, పడవ ఒరిగినా అది మట్టంగా ఉంటుంది. మీ వంటగట్టుకు ఆ వెసులుబాటు ఉన్నట్టు లేదు, మీకు అవసరమూ లేదు. శాన్ వాన్ దీవుల్లో ఒక దీవి నుంచి ఇంకో దీవికి చాలాసార్లు రెండు మూడు గంటల ప్రయాణమే. తెరచాప ఎత్తినప్పుడు వంట చేయకండి. ఉదయం లంగరు తీయకముందే రెండు ఫ్లాస్కుల నిండా కాఫీ, వేడినీళ్ళు పోసుకోండి. దారిలో వాటితోనే సరిపెట్టండి. వంట అంతా లంగరు వేశాకే.

లంగరు వేసినా పూర్తిగా నమ్మకండి. దూరంగా పోయిన ఫెర్రీ లేపిన అల నాలుగైదు నిమిషాల తర్వాత మీ దగ్గరికి వస్తుంది, అప్పటికి ఫెర్రీ కనుచూపు మేరలో ఉండదు. అందుకని గిన్నెలను రెండు వైపులా పట్టి ఉంచే కమ్మీలు పొయ్యికి తప్పకుండా బిగించండి. గిన్నె సగానికి మించి నింపవద్దు. వండేవాళ్ళు పొడుగు కాళ్ళ వానప్యాంటు, మూసిన చెప్పులు వేసుకోవాలి. వేడినీళ్ళు ఒలికితే వానప్యాంటు మీద నుంచి జారిపోతాయి, నూలు బట్టైతే పీల్చుకుని చర్మానికి అంటుకుంటుంది. పొయ్యికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడండి.

అన్నం, పప్పు నిక్షేపంగా కుదురుతాయి. మన ప్రెషర్ కుక్కర్ పడవ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. మూత బిగుసుకుని ఉంటుంది, దొర్లినా లోపలిది ఒలకదు. మూడు లీటర్ల కుక్కర్, లోపల ఒకదాని మీద ఒకటి పట్టే రెండు గిన్నెలు తీసుకెళ్ళండి. కింద కందిపప్పు, పైన బియ్యం. పప్పు గంట ముందే నానబెట్టండి. రెండు విజిల్స్ రాగానే మంట ఆర్పి, కుక్కర్‌ను మందపాటి తువ్వాలులో చుట్టి గిన్నెలు కడిగే తొట్టిలో దించండి. ఇరవై నిమిషాల్లో మిగిలిన వేడికే అంతా ఉడుకుతుంది. స్పిరిట్ మిగులుతుంది, గదిలో ఆవిరి తగ్గుతుంది, వేడి కుక్కర్ గట్టు మీద లేకుండా పోతుంది. మూత తీసేముందు వెయిట్ ఎత్తి ఒత్తిడి పోయిందో లేదో చూసుకోవడం ఇంట్లో కంటే ఇక్కడ ముఖ్యం.

తాలింపు మాత్రం పడవలో వద్దు. మరిగే నూనె, చిటపటలాడే ఆవాలు, ఊగే నేల, ఈ మూడూ ఒకచోట చేరకూడదు. నూనె అంటుకుంటే నీళ్ళు పోయడానికి కూడా లేదు, పోస్తే మంట కప్పుకు తగులుతుంది. బయలుదేరే ముందు రోజు ఇంట్లోనే ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లితో ఎక్కువగా తాలింపు పెట్టి స్టీలు డబ్బాలో పోసి ఐసుపెట్టెలో ఉంచుకోండి. ఉడికిన పప్పులో చెంచాడు కలిపితే చాలు. యాత్రలకు వెళ్ళే మన పెద్దవాళ్ళకు ఇది కొత్త కాదు, మీ అత్తగారినే అడగండి. పులిహోర పులుసు ముందే చేసి పట్టుకెళ్ళడం, కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి వంటివి ఆవిడకు కొట్టిన పిండి. ఆవిడ వచ్చిన వారంలోనే ఈ పని అప్పగించండి, పడవ ఎక్కే భయం కూడా కాస్త తగ్గుతుంది. గాజు సీసాలు మాత్రం తేనివ్వకండి.

కూరలు తరగడం, బియ్యం కడగడం పైన కాక్‌పిట్‌లో చేయండి. కిందికి తల వంచి పని చేస్తే కడుపులో తిప్పుతుంది, గాలిలో కూర్చుంటే తిప్పదు. మే నెలలోనే ఒక శనివారం పడవను రేవులోనే ఉంచి, నలుగురికి సరిపడా రెండు పూటల వంట కొత్త పొయ్యి మీద చేసి చూడండి. ఏది ఎంతసేపు పడుతుందో, ఏ గిన్నె కమ్మీలలో పట్టదో అప్పుడే తెలుస్తుంది.

దోసెలు అడిగారు. వేయవచ్చు, మొదటి రెండు రోజుల ఉదయాలే. పిండి ఇంట్లో పులియబెట్టి ఐసుపెట్టెలో తీసుకెళ్ళండి, పడవలో రాత్రి చలికి అది పులియదు. సూషియా దీవి లాంటి చోట తెల్లవారుజామున గాలి పడిపోయి, నీళ్ళు అద్దంలా ఉండే గంట ఒకటి ఉంటుంది. అంటుకోని చిన్న పెనం, నూనె డబ్బాతో కాకుండా సగం కోసిన ఉల్లిపాయతో రాసి, ఒకటొకటిగా వేయండి. మంట చిన్నది కాబట్టి దోసె మధ్యలో ఎర్రబడుతుంది, అంచులు మెత్తగా ఉంటాయి. మొదటిది పాపకు ఇవ్వండి.